ట్రైనింగులోనే ఎక్కువమంది పోయారా? ఆ ఫార్వర్డ్‌లో నిజమెంత?

తిరుపతిలో డిఫెన్స్ కోచింగ్ పిల్లల గ్రూపుల నుంచి పొద్దున్నే వాకింగ్‌కి వెళ్లే పెద్దల గ్రూపుల దాకా కొన్నాళ్లుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా పైలట్లు శత్రువు చేతిలో కంటే ట్రైనింగులోనే ఎక్కువమంది చచ్చారు. 15,000 మంది పైలట్లు సొంత దేశంలోనే కూలిపోయారు. తోలడం రాని పిల్లకాయల్ని విమానం ఎక్కిస్తే అంతే. అందుకే ఏ ప్రభుత్వమూ వాళ్లని అమరుల లెక్కలో రాయలేదు. మనవాళ్లకి ఈ గోలతో సంబంధం లేదు." కింద కొందరు దండాలు పెడుతున్నారు, కొందరు పగలబడి నవ్వే బొమ్మలు పెడుతున్నారు. మా గ్రూపులో దీన్ని పెట్టిన పెద్దాయన్ని "ఎక్కడిది సార్ ఇది?" అని అడిగితే, "అందరూ పంపిస్తున్నారు కదా నాయనా" అన్నారు.

మొదట ఆ 15,000 సంగతి. ఇది గాలిలోంచి పుట్టిన అంకె కాదు. 1941 డిసెంబరు నుంచి 1945 ఆగస్టు దాకా అమెరికా సైనిక వైమానిక దళానికి ఒక్క సొంత గడ్డ మీదే 52,651 విమాన ప్రమాదాలు జరిగాయి. వాటిలో పోయినవాళ్లు 14,903 మంది. దళం అధికారిక గణాంకాల్లోనే ఉన్న లెక్క ఇది. అయితే వీళ్లంతా పైలట్లు కారు. నాలుగు ఇంజన్ల బాంబర్ ఒకటి కూలిందంటే పది మంది దాకా పోతారు. నావిగేటర్, రేడియో ఆపరేటర్, తుపాకుల దగ్గర కూర్చునేవాళ్లు, ఇంజనీరు అందరూ అందులోనే ఉంటారు. పోనీ అందరూ ట్రైనింగులోనే పోయారా అంటే అదీ కాదు. ఫ్యాక్టరీ నుంచి కొత్త విమానాన్ని స్థావరానికి తీసుకెళ్తూ పోయినవాళ్లు, రవాణా విమానాల్లో పోయినవాళ్లు కూడా ఈ లెక్కలోనే ఉన్నారు.

మరి శత్రువు చేతిలో? అదే దళంలో పోరాటంలో చనిపోయినవాళ్లు 52,173 మంది. అంటే మూడు రెట్లకు పైగా. బాంబర్లతో దాడులు చేసే బ్రిటన్ వైమానిక విభాగం బాంబర్ కమాండ్‌లో అయితే మొత్తం 55,573 మంది చనిపోతే, శిక్షణలోనూ దాడులతో సంబంధం లేని ఇతర ప్రమాదాల్లోనూ పోయినవాళ్లు 8,000 మందికి పైగా. సుమారు ఏడుగురిలో ఒకరు. మాట తిరగేసి చెప్పడానికి ఇక్కడ సందే లేదు.

తికమక ఎక్కడ మొదలైందో ఊహించవచ్చు. మనుషుల్ని వదిలేసి విమానాల్ని లెక్కపెడితే, పోరాటంలో కంటే ప్రమాదాల్లోనే ఎక్కువ పోయాయన్నది నిజమే! విదేశాల్లో ఈ దళం పోరాటంలో పోగొట్టుకున్న విమానాలు 22,948. అక్కడే పోరాటంతో సంబంధం లేకుండా పోయినవి 20,633. వీటికి సొంత దేశంలో పోయిన 13,873 కలిపితే ప్రమాదాల పద్దు 34,000 దాటుతుంది. విమానాల లెక్కని ఎవరో మనుషులకి అతికించినట్టున్నారు. అతికించాక సరిచూసిన నాథుడు లేడు.

రెండోది "తోలడం రాని పిల్లకాయలు". నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఈ మాటే. బి-17 బాంబర్ సంగతి చూడండి. క్షేమంగా నేల మీద దిగిన తర్వాత పైలట్లు ఫ్లాప్‌లు (రెక్కల వెనక అంచున కిందికి దించే పలకలు) ఎత్తబోయి పొరపాటున చక్రాలు ఎత్తేసేవాళ్లు. విమానం పొట్ట మీద పడి ఈడ్చుకుపోయేది. రిపోర్టులో 'పైలట్ తప్పు' అని రాసి చేతులు దులుపుకున్నారు. ఆల్ఫోన్స్ చాపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాక్‌పిట్‌లోకి వెళ్లి చూస్తే, ఆ రెండు స్విచ్‌లూ పక్కపక్కనే, ఒకే ఆకారంలో ఉన్నాయి! రాత్రంతా నిద్రలేని మనిషి చీకట్లో తడిమితే ఏది ఏదో ఎలా తెలుస్తుంది? అదే కాలపు సి-47 రవాణా విమానంలో ఆ రెండూ అలా లేవు, అందులో ఈ గొడవే రాలేదు. చక్రాల మీటకి చిన్న చక్రం ఆకారంలో పిడి, ఫ్లాప్‌ల మీటకి రెక్క ఆకారంలో పిడి బిగించడం అలా వచ్చింది. రేణిగుంటలో దిగే విమానాల్లోనూ పైలట్ చేతికి తగిలేది అలాంటి పిడులే.

బి-26 మరాడర్ అనే బాంబర్ కథ ఇంకా చేదు. ఫ్లోరిడాలో మెక్‌డిల్ స్థావరంలో ఈ విమానం మీద శిక్షణ ఇచ్చేటప్పుడు ఎన్ని కూలాయంటే, 'టాంపా అఖాతంలోకి రోజుకొకటి' అనే మాటే పుట్టింది. చిన్న రెక్కలు, మోయలేని బరువు, దిగేటప్పుడు విపరీతమైన వేగం. ప్రొపెల్లర్ రెక్కల కోణాన్ని కరెంటుతో మార్చే ఏర్పాటు పాడైతే ప్రొపెల్లర్ అదుపు తప్పి తిరిగేది. నడిపేవాళ్లే కాదు, రిపేరు చేసేవాళ్లూ కొత్తవాళ్లే. తర్వాత రెక్కల పొడవు 65 అడుగుల నుంచి 71 అడుగులకి పెంచారు, శిక్షణ పద్ధతి మార్చారు. ఇంత తిట్లు తిన్న విమానం యూరప్ యుద్ధంలో అమెరికా బాంబర్లన్నిటిలోకీ తక్కువ నష్టాలతో బయటపడింది. ఎక్కింది అలాంటి కుర్రాళ్లే మరి.

శిక్షణ అంటేనే చావు అనుకుంటే కెనడాని చూడండి. యుద్ధకాలంలో అక్కడ నడిచిన కామన్వెల్త్ దేశాల వైమానిక శిక్షణ పథకంలో 1,31,553 మంది శిక్షణ పూర్తిచేశారు, ప్రమాదాల్లో 856 మంది పోయారు. ఆ 856 ఇళ్లకి అది చిన్న సంఖ్య కాదు. కానీ మెసేజ్ భయపెట్టే తీరుకీ దీనికీ పొంతన లేదు. ఎస్వీ యూనివర్సిటీ వైపు తెల్లారకముందే పరుగు తీసే మన పిల్లలు ఇలాంటివి చదివి ఇంట్లో అమ్మకి టెన్షన్ పెట్టకుండా ఉంటే చాలు.

"మనవాళ్లకి సంబంధం లేదు" అన్నదానికి పెద్ద జవాబు అక్కర్లేదు. ఆ యుద్ధకాలంలో భారత వైమానిక దళం కుర్రాళ్లు మొదటి పాఠాలు నేర్చుకున్న చోట్లలో మన బేగంపేట ఒకటి. 1940లో 24 మంది భారతీయ పైలట్లు శిక్షణకి బ్రిటన్ వెళ్లారు.

ఇక "అమరుల లెక్కలో రాయలేదు". బ్రిటన్, భారత్ లాంటి కామన్వెల్త్ దేశాల యుద్ధమృతుల సమాధులు చూసుకునే కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ నియమం స్పష్టంగా ఉంది. 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా సైనిక సేవలో ఉండగా ఎలా చనిపోయినా, కారణం ఏదైనా, సమానంగా స్మరిస్తారు. నమ్మకం లేకపోతే రేణిగుంటలో రైలెక్కి చెన్నై వెళ్లి నందంబాక్కంలోని మద్రాస్ వార్ సెమెటరీ చూసి రండి. దక్షిణ, తూర్పు భారతంలోని పాత శ్మశానాల నుంచి తెచ్చినవాటితో కలిపి 850కి పైగా సమాధులున్నాయి. రాయి మీద దళం గుర్తు, హోదా, పేరు, తేదీ, వయసు ఉంటాయి. బుల్లెట్టు తగిలి పోయాడా, కూలి పోయాడా అన్నది ఉండదు.

నిజంగా లెక్కలో రాయనివాళ్లు మాత్రం ఉన్నారు. అమెరికా సైన్యం కోసం విమానాలు నడిపిన వాస్ప్ మహిళా పైలట్లు వెయ్యి మందికి పైగా. శిక్షణలోనూ విధుల్లోనూ వాళ్లలో 38 మంది చనిపోయారు. వాళ్లు సైనికులు కారు, సివిలియన్లు అన్నారు. శవపేటిక మీద జెండా కప్పే గౌరవం లేదు. ఇంటికి పంపే ఖర్చు కూడా తోటి అమ్మాయిలే చందాలు వేసుకుని భరించిన సందర్భాలున్నాయి. వాళ్లకి మాజీ సైనికుల హోదా ఇస్తూ చట్టం వచ్చింది 1977లో. ఫార్వర్డ్ రాసినాయన పట్టుకోవాల్సింది ఈ 38 మందిని. వాళ్ల ఊసు అందులో ఒక్క ముక్క లేదు.