ఉన్న ఊరి పాటకి ఫీజు ఎవరు కడతారు?

నార్త్ కరోలినాలోని డర్హమ్ డౌన్‌టౌన్ నుంచి ఆర్‌టీపీకి (రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్) వచ్చే 147 ఫ్రీవే మన తెలుగు సంఘం సభ్యుల్లో చాలామందికి ఆఫీసు దారి. 1960, 70లలో ఆ రోడ్డు కోసం, దాంతోపాటు వచ్చిన పట్టణాభివృద్ధి పథకం కోసం కూలగొట్టిన పేట పేరు హేటై. నల్లజాతి వాళ్ల దుకాణాలు, హోటళ్లు, సినిమా హాళ్లు, చర్చిలతో కళకళలాడిన పేట అది. అందులో మిగిలిన వాటిలో ముఖ్యమైనది 1891లో కట్టిన సెయింట్ జోసెఫ్స్ చర్చి. ఇప్పుడది హేటై హెరిటేజ్ సెంటర్. డర్హమ్‌లో ఏటా జరిగిన పెద్ద బ్లూస్ (అమెరికా నల్లజాతి వాళ్ల పాట) ఉత్సవాన్ని చాలా ఏళ్లు నడిపింది ఈ సెంటర్ వాళ్లే. మోరిస్‌విల్ నుంచి కారులో ఇరవై నిమిషాలు. మన సభ్యుల్లో ఎంతమంది లోపలికి వెళ్లి చూశారంటే చేతివేళ్లు ఎక్కువవుతాయేమో.

1930లలో ఆ వీధుల్లో, పొగాకు గోదాముల ముందు గిటార్ పట్టుకుని పాడినవాళ్లలో బ్లైండ్ బాయ్ ఫుల్లర్ ఒకరు. చూపు పోయాక పాటే ఆయనకి కూడు పెట్టింది. వేలం సీజన్లో రైతు జేబులో నాలుగు డబ్బులుంటాయి. షిఫ్టు మారే వేళకి ఫ్యాక్టరీ కూలీలు రోడ్డు మీదికొస్తారు. ఎప్పుడు ఎక్కడ నిలబడాలో ఆయనకి బాగా తెలుసు. 1935కీ 1940కీ మధ్య 120కి పైగా పాటలు రికార్డు చేసి, 1941లో ఈ ఊళ్లోనే చనిపోయారు. నలభై కూడా నిండలేదు.

కందుకూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చినవాళ్లకి ఈ వేలం సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. మన వర్జీనియా పొగాకూ ఇక్కడి బ్రైట్ లీఫూ ఒకటే. బ్యారన్లో (పొగాకు ఆరబెట్టే కొట్టంలో) వేడి పెట్టి ఆకుని పసుపు రంగుకి తెచ్చే పద్ధతి పుట్టింది ఈ రాష్ట్రంలోనే, కాస్వెల్ కౌంటీలో. 1839లో స్టీఫెన్ అనే బానిస దాన్ని కనిపెట్టాడని చెబుతారు. బ్యారన్ దగ్గర రాత్రంతా మంట చూసుకుంటూ కూర్చునే పని ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. ఇక్కడ ఆ రాత్రుళ్లు గిటార్ పాటలతో గడిచేవి. మా తాతయ్యగారి బ్యారన్ దగ్గర కాపలావాళ్లు కూడా పాడుకునేవారట. ఏం పాడారో చెప్పగలిగిన వాళ్లు మా ఊళ్లో ఇప్పుడెవరూ లేరు.

ఈ ప్రాంతపు బ్లూస్‌ని పీడ్మాంట్ బ్లూస్ అంటారు. మిసిసిపీ డెల్టా బ్లూస్‌లో గుండెని పిండే బరువు ఎక్కువైతే, ఇందులో నడక ఎక్కువ. కింది స్థాయి తీగల మీద బొటనవేలు తాళం తప్పకుండా మార్చి మార్చి కొడుతుంటే, మిగతా వేళ్లు పై తీగల మీద పాటని మీటుతాయి. మృదంగమూ వీణా ఒకే చేతిలో సర్దుకుని కూర్చున్నట్టుంటుంది. మన పిల్లల్లో సగంమంది శనివారం పొద్దున సరళీ స్వరాలు పాడేవాళ్లే. బొటనవేలి లెక్క వాళ్లకి తొందరగానే పట్టుబడుతుంది.

ఇలాంటి పాట ఎలా బతుకుతుంది? ఫలకం పెడితే బతకదు. డర్హమ్‌లో ఫుల్లర్ పేరుతో ఫలకం ఉంది, మంచిదే. దాన్ని చదివి గిటార్ నేర్చుకున్నవాళ్లు మాత్రం నాకు తారసపడలేదు. డర్హమ్‌లో ఫుల్లర్‌కి తోటివాడైన రెవరెండ్ గ్యారీ డేవిస్ న్యూయార్క్ వెళ్లి, ఇంట్లో కూర్చోబెట్టి పాఠాలు చెప్పారు. ఆ శిష్యులు ఆయన బాణీని ప్రపంచమంతా తిప్పారు. అయితే వాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు. నేర్చుకోవడం తప్పని అనను. అన్నానంటే మన పిల్లలకి నేర్పమనే హక్కు నాకే ఉండదు. కానీ పాట పుట్టిన పేటలోని పిల్లలకి అది అందకుండా పోవడం దాన్ని కాపాడటం ఎలా అవుతుంది?

చాపెల్ హిల్ పక్కన కార్‌బరోలో పుట్టిన ఎలిజబెత్ కాటెన్ కథ ఇంకోరకం. ఎడమచేతి వాటం వల్ల గిటార్‌ని తలకిందులు చేసి పట్టుకుని తనంతట తానే నేర్చుకున్నారు. పెళ్లి, చర్చి, ఇళ్లల్లో పని. వీటి మధ్య దశాబ్దాలపాటు గిటార్ ముట్టలేదు. వాషింగ్టన్‌లో సీగర్ కుటుంబం ఇంట్లో పనిచేస్తుండగా, గోడకి వేలాడుతున్న గిటార్ తీసి మళ్లీ వాయించారు. ఆ ఇల్లు సంగీతం తెలిసినవాళ్లది కావడం అదృష్టం. తొంభై ఏళ్లు దాటాక, 1985లో, గ్రామీ అనే పెద్ద సంగీత పురస్కారం వచ్చింది. ఈ కథని అందరూ ముచ్చటగా చెప్పుకుంటారు. నాకు మాత్రం సంగీతం తెలియని ఇళ్లల్లో అంట్లు తోముతూ ఉండిపోయినవాళ్లే గుర్తొస్తారు.

మిసిసిపీలోని క్లార్క్స్‌డేల్ దీన్ని అదృష్టానికి వదిలేయలేదు. 1979లో అక్కడి లైబ్రరీ బోర్డు డెల్టా బ్లూస్ మ్యూజియం మొదలుపెట్టింది. అద్దాల వెనక పాత గిటార్లు పెట్టి ఊరుకోకుండా, బడి అయ్యాక పిల్లలకి క్లాసులు పెట్టారు. నేర్పేవాళ్లు బ్లూస్ వాయించే పెద్దలు. 1999లో ఆ ఊళ్లో పుట్టిన క్రిస్టోన్ ఇంగ్రామ్, అందరూ కింగ్‌ఫిష్ అనే కుర్రాడు, ఆ క్లాసుల్లో తయారైనవాడే. 2022లో గ్రామీ తెచ్చిన ఆల్బమ్‌కి తన ప్రాంతపు ఫోన్ కోడ్ 662నే పేరుగా పెట్టుకున్నాడు. అందరూ కింగ్‌ఫిష్‌లు కాకపోవచ్చు, అక్కర్లేదు కూడా. ఊళ్లో వినడం తెలిసినవాళ్లు, తోడు వాయించేవాళ్లు తయారైనా చాలు.

మన పక్కనే హిల్స్‌బరోలో మ్యూజిక్ మేకర్ అనే సంస్థ 1994 నుంచి ఇంకో పని చేస్తోంది. ముసలి కళాకారుల మందులకీ అద్దెలకీ సాయం, కచేరీలు, రికార్డింగులు చూస్తుంది. నా లెక్కలో ఇది కూడా విద్యలో భాగమే. మందులకి డబ్బుల్లేని గురువు క్లాసుకి ఎలా వస్తారు?

"మన కళలకే దిక్కులేదు, వాళ్లవి మనకెందుకు?" అని కమిటీలో ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. చప్పట్లు కొట్టాం, వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేశాం. 2024లో ఆయన కూలిపనికి వెళ్తున్న ఫోటోలు వచ్చాయి, వాటినీ ఫార్వర్డ్ చేశాం. బిరుదుకీ బతుకుకీ మధ్య నెలనెలా జీతమిచ్చే ఒక క్లాసు లేకపోవడం అక్కడా ఇక్కడా ఉన్న జబ్బే. ఇక్కడి జబ్బుకి మందు వేయడం నేర్చుకుంటే, రేపు కిన్నెరకీ ఒగ్గు కథకీ ఏం చేయాలో మనకే తెలుస్తుంది. పైగా కంటితో చూడగలిగే దూరంలో ఉంటుంది కాబట్టి డబ్బు ఎటు పోయిందో లెక్క అడగొచ్చు.

ఇక మన సంఘం సంగతి. స్థానిక బ్లూస్ కళాకారుణ్ణి పిలుద్దామంటే మొదట వచ్చిన ప్రశ్న, "ఫ్రీగా వస్తారా?" సినిమా గాయకులకి బిజినెస్ క్లాస్ టికెట్లు కొనేటప్పుడు ఎవరికీ రాని ప్రశ్న ఇది. రెండో సలహా, డీజేకి ముందు పది నిమిషాల ఫ్యూజన్ ఐటమ్. దయచేసి వద్దు. సంక్రాంతి వేదిక మీద అటో ముక్క ఇటో ముక్క కలిపితే ఆ వచ్చినవాళ్లకీ గౌరవం ఉండదు, మనకీ ఏమీ అంటదు.

నేను అడుగుతున్నది ఇది. ఏడాదికి ఒక సినిమా గాయకుణ్ణి తగ్గిద్దాం. ఆ డబ్బుతో పీడ్మాంట్ బాణీ తెలిసిన ఒక స్థానిక గురువుకి బడి ఏడాది మొత్తం పూర్తి ఫీజు కడదాం. క్లాసు మన హాల్లో వద్దు, హేటై సెంటర్ వాళ్లని అడిగి అక్కడే పెడదాం. సగం సీట్లు ఆ చుట్టుపక్కల పిల్లలకి ఉచితంగా, గిటార్లతో సహా ఇవ్వాలి. మిగతా సగం మన పిల్లలకి, మామూలు ఫీజుతో. ఎవర్ని ఎంచుకోవాలి, ఏం నేర్పాలి అన్నది ఆ సెంటర్ వాళ్లూ గురువూ తేల్చుకుంటారు, అందులో మన కమిటీ వేలు పెట్టకూడదు. ఏడాది చివర మన స్టేజీ మీద పిల్లలు వాయించి చూపించాలన్న షరతు కూడా వద్దు. ఆ షరతు పెడితే మార్చి నుంచి తల్లిదండ్రుల టెన్షన్, డ్రస్సుల గొడవ మొదలై, అసలు పాఠం మూలన పడుతుంది.

వచ్చే బడ్జెట్ సమావేశానికి ఈ ప్రతిపాదన రాసి ఇస్తున్నాను. ఖర్చుల అంచనా జత చేశాను. బలపరచడానికి ఇంకో సభ్యుడి సంతకం కావాలి.