కోవిడ్ గ్రాంటులో సగం యూనివర్సిటీలు మింగేశాయా?

పిల్లలు అమెరికాలో చదువుకుంటున్న ఇళ్లలో ఒక వాట్సాప్ ఫార్వర్డ్ ఇప్పటికీ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: "కోవిడ్ టైమ్‌లో ప్రతి విద్యార్థికీ సమానంగా పంచమని అమెరికా ప్రభుత్వం యూనివర్సిటీలకు డబ్బిచ్చింది. అవి సగం మింగేసి, మిగతాది నచ్చినవాళ్లకు ఇచ్చుకున్నాయి. చట్టం ఒప్పుకోదంటూ మన పిల్లలకు పైసా ఇవ్వలేదు. ఇచ్చినవాళ్ల డబ్బు కూడా ఫీజు బాకీ కింద పట్టేసుకున్నాయి. తీసుకున్నవాళ్లకు ట్యాక్సు, వీసా చిక్కులు అదనం." అడుగున, మిగిలిపోయిన డబ్బుకు అప్లై చేసుకోమంటూ ఒక లింకు.

ఇందులో అక్కడక్కడా నిజం ఉంది. అందుకే ఇంకా నమ్ముతున్నారు.

"సమానంగా పంచమని" ఏ చట్టంలోనూ లేదు. 2020 మార్చి 27న వచ్చిన కేర్స్ చట్టం, అంటే తొలి కోవిడ్ సాయం చట్టం, ఉన్నత విద్యకు దాదాపు 1,400 కోట్ల డాలర్లు కేటాయించింది. అదే ఏడాది డిసెంబరులో ఒకటి, 2021 మార్చిలో మరొకటి, ఇంకో రెండు చట్టాలు వచ్చాయి. మూడూ కలిపితే సుమారు 7,600 కోట్ల డాలర్లు. ఏ కాలేజీకి ఎంత అన్నది తలలు లెక్కపెట్టి తేల్చలేదు. తొలి విడతలో ఫార్ములా బరువు 75 శాతం పెల్ గ్రాంటు విద్యార్థుల మీద, అంటే తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల నుంచి వచ్చే డిగ్రీ విద్యార్థుల మీద పెట్టారు. మిగతా వాళ్లందరికీ కలిపి 25 శాతం. ఒకే సైజున్న రెండు కాలేజీల్లో ఒకదానికి ఎక్కువ, మరోదానికి తక్కువ వచ్చిందంటే కారణం ఇదే.

"సగం మింగేశాయి" అన్నది ఈ ఫార్వర్డ్‌లో అందరికీ బాగా ఎక్కే మాట. తొలి చట్టం చెప్పింది ఏమిటంటే, కాలేజీ వాటాలో కనీసం సగం విద్యార్థులకు నేరుగా గ్రాంటుగా వెళ్లాలి. మిగతా సగం కాలేజీ వాడుకోవచ్చు, కానీ ఇష్టం వచ్చినట్టు కాదు. చదువు ఉన్నపళంగా ఆన్‌లైన్‌కు మారినందువల్ల పడిన ఖర్చులకే వాడాలి. డార్మ్‌లు (హాస్టళ్లు) ఖాళీ చేయించి విద్యార్థులకు తిరిగిచ్చిన అద్దె, మెస్ డబ్బు అందులోకి వస్తాయి. ఎండోమెంట్ నిధిలో, అంటే విరాళాలతో కూడబెట్టుకున్న మూలధనంలో వేసుకోకూడదు, స్టేడియాలు కట్టకూడదు. లాభాల కోసం నడిచే ప్రైవేటు కాలేజీలైతే తర్వాతి రెండు విడతల డబ్బంతా విద్యార్థులకే ఇవ్వాలి. ఎంత వచ్చింది, ఎంతమందికి ఇచ్చారు, ఏ పద్ధతిలో ఇచ్చారు అన్నవి కాలేజీలు తమ వెబ్‌సైట్‌లో పెట్టాలన్న నియమమూ ఉండేది. మింగినవాడు లెక్క గోడకు అంటించడు కదా. హార్వర్డ్ సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది: అంత ఎండోమెంట్ ఉన్నవాళ్లకు ఇదెందుకని 2020 ఏప్రిల్‌లో గోల లేస్తే, తన వాటాకు వచ్చిన సుమారు 86 లక్షల డాలర్లు వద్దనేసింది. నిజానికి అది మొత్తం విద్యార్థులకే ఇస్తామని అంతకుముందే చెప్పింది.

"నచ్చినవాళ్లకు ఇచ్చుకున్నాయి" అనే మాటను మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేను. ఎవరికి ఎంత ఇవ్వాలన్నది చాలావరకు కాలేజీకే వదిలేశారు. కొన్ని కాలేజీలు పెల్ విద్యార్థులందరికీ అడక్కుండానే అకౌంట్లో వేశాయి. కొన్ని ఫారం నింపమన్నాయి: అద్దె, తిండి, వైద్యం, పిల్లల సంరక్షణ, ఏ ఖర్చుకు ఇబ్బంది పడుతున్నారో టిక్ పెట్టి రెండు ముక్కలు రాయాలి. కొన్ని రెండూ కలిపి చేశాయి. ముందొచ్చినవాళ్లకు ముందు అన్న కాలేజీలూ ఉన్నాయి. నా దృష్టిలో అది అన్యాయమే. అవసరం ఎక్కువున్నవాడు పార్ట్‌టైమ్ షిఫ్టులో ఉండగానే ఫారం మూసేస్తారు. మన పిల్లల్లో ఎక్కువమంది ఎంఎస్ చేసేవాళ్లు. పెల్ గ్రాంటు డిగ్రీ వాళ్లకు. కాబట్టి వీళ్ల పేర్లు ఆ ఆటోమేటిక్ జాబితాలో ఉండే అవకాశమే లేదు. పక్కనున్న అమెరికన్ కుర్రాడికి అడక్కుండా పడి, తనకు పడకపోతే పక్షపాతమనే అనిపిస్తుంది. తప్పుపట్టలేం.

ఇక "చట్టం ఒప్పుకోదన్నాయి" సంగతి. 2020కి ఇది నిజం. కానీ అడ్డుపడింది కేర్స్ చట్టంలో రాసిన పదాలు కాదు, విద్యాశాఖ చెప్పిన భాష్యం. బెట్సీ డివాస్ మంత్రిగా ఉండగా 2020 ఏప్రిల్ 21న, ఫెడరల్ ఆర్థిక సాయానికి అర్హులైనవాళ్లకే ఈ గ్రాంటు అన్నారు. దాంతో ఎఫ్-1 (విదేశీ విద్యార్థి) వీసా వాళ్లకు, వలస పత్రాలు లేనివాళ్లకు అర్హత లేకుండా పోయింది. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలు, వాషింగ్టన్ రాష్ట్రం కోర్టుకెళ్లాయి. ఇక్కడ ఒక వింత ఉంది: కాలేజీ వాటా లెక్కగట్టే ఫార్ములాలో ఆ 25 శాతం వైపు ఈ విద్యార్థులనూ లెక్కలోకి తీసుకున్నారు. లెక్కకు పనికొచ్చినవాళ్లు చేతికివ్వడానికి పనికిరాలేదు! 2021 మేలో, మిగెల్ కార్డోనా మంత్రిగా ఉండగా వచ్చిన తుది నిబంధన దీన్ని మార్చింది. 2020 మార్చి 13 నాటికి గానీ ఆ తర్వాత గానీ చేరి ఉన్న ఏ విద్యార్థికైనా, విదేశీయులు సహా, ఇవ్వొచ్చని చెప్పింది. గమనించండి, "ఇవ్వొచ్చు" అంది, "ఇవ్వాలి" అనలేదు. అవసరం ఎక్కువున్నవాళ్లకే ముందు ఇవ్వాలన్న షరతు కూడా ఉండేది. కాబట్టి ఒక యూనివర్సిటీలో మనవాళ్లకు వచ్చి, ఇంకో యూనివర్సిటీలో రాకపోవడం రెండూ జరిగే పనులే.

"బాకీ కింద పట్టేసుకున్నాయి": విద్యార్థి స్పష్టంగా సరేననకుండా గ్రాంటును ఫీజు బాకీలో కలపకూడదన్నది అప్పటి నియమం. అలా సరేనంటేనే గ్రాంటు ఇస్తామనీ అనకూడదు. అయితే ఆ ఒప్పుకోలు చాలాసార్లు ఆన్‌లైన్ పోర్టల్‌లో ఒక టిక్ బాక్సు రూపంలో ఉండేది. చదవకుండా టిక్ పెట్టినవాళ్లకు డబ్బు వచ్చినట్టే వచ్చి ఫీజులోకి పోయింది.

ట్యాక్సు మాటకు ఎక్కువ సేపు అక్కర్లేదు. ఈ గ్రాంటు ఆదాయంలోకి రాదని ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) చెప్పేసింది. ఇది అప్పు కాదు, తిరిగి కట్టేది లేదు. వీసా భయానికి మూలం పబ్లిక్ చార్జ్ నిబంధన, అంటే ప్రభుత్వ సాయం మీద బతికేవాళ్లకు గ్రీన్‌కార్డు కష్టమన్న నియమం. ఆ లెక్కలోకి మహమ్మారి సాయం రాదని 2022లో వచ్చిన నిబంధన చెప్పింది.

ఆఖరికి ఆ లింకు. ఫార్వర్డ్ మొత్తంలో నిజంగా ప్రమాదకరమైంది అదే. విద్యాశాఖ విద్యార్థుల దగ్గర ఈ గ్రాంటుకు నేరుగా దరఖాస్తులు ఎప్పుడూ తీసుకోలేదు, అంతా కాలేజీల ద్వారానే నడిచింది. చాలా కాలేజీలకు ఖర్చుపెట్టే గడువు కూడా 2023 జూన్ 30తో అయిపోయింది. పాస్‌పోర్టు నంబరో, బ్యాంకు వివరాలో, ప్రాసెసింగ్ ఫీజో అడుగుతుంటే అటు వెళ్లకండి. ఫార్వర్డ్ పంపినవాళ్లు మీ పిన్నో బాబాయో అయితే, ముందు వాళ్లకే ఫోన్ చేసి ఆ లింకు నొక్కారేమో కనుక్కోండి.