ముర్సియా సూఫీ, మా వీధి బైండరు

సౌదీ రచయిత మహమ్మద్ హసన్ అల్వాన్ 2016లో అరబ్బీలో వెలువరించి, మరుసటి ఏడాది అరబిక్ కాల్పనిక సాహిత్యానికిచ్చే అంతర్జాతీయ బహుమతిని గెలుచుకున్న ‘మౌత్ సగీర్’ (చిన్న మరణం) నవలకు మా బాబాయి చేసినంత లోతైన వ్యాఖ్యానం మరెవరూ చేసి ఉండరు. చేసే వీలు కూడా లేదు, ఆయన చదివిన ప్రతి వంటిది లోకంలో మరొకటి లేదు కనుక.

1165లో అల్ అందలుస్ (ముస్లింల ఏలుబడిలోని నాటి స్పెయిన్) నగరం ముర్సియాలో పుట్టి, 1240లో దమస్కులో కన్నుమూసిన సూఫీ తత్త్వవేత్త ఇబ్న్ అరబీ తన జీవితాన్ని తానే చెప్పుకుపోవడం ఈ నవలలో ఒక పాయ. ఆయన రాతప్రతి తరవాతి శతాబ్దాలలో చేతులు మారుతూ ఊళ్లు తిరగడం మధ్యమధ్య అడ్డుపడే రెండో పాయ. బాబాయి చదువుదామని తెప్పించుకున్న ఆంగ్లానువాదం, ఆయన ఊళ్లో లేని ఒక వేసవి మధ్యాహ్నం జిగురు ఊడిపోగా, ఫ్యాను గాలికి రెండు పాయలూ హాలంతా ప్రవహించాయి. పిన్ని కాగితాలను చేతికందిన వరుసలో ఏరి బైండరుకు పంపింది. అంచులు సమంగా రావాలన్న వృత్తిధర్మం కొద్దీ అతను పుటసంఖ్యలను కూడా కత్తిరించి, చక్కని కాలికో అట్ట వేసి ఇచ్చాడు.

బాబాయి దాన్ని చదివి పరవశించిపోయాడు. వాక్యాలు మధ్యలో తెగిపోవడం అహం నశించే ‘ఫనా’ స్థితికి సంకేతమన్నాడు. అధ్యాయాల అంకెలు తారుమారుగా ఉన్నాయేమిటని నేనడిగితే, ఇబ్న్ అరబీ తన బృహద్గ్రంథం ‘ఫుతూహాత్’లో అక్షరాల రహస్యాలకే ఒక పెద్ద అధ్యాయం కేటాయించాడని గుర్తుచేసి, అంకెలకు మాత్రం రహస్యాలుండవా అని నా నోరు మూయించాడు. ఆ సూఫీ లఘుగ్రంథాలను 1948లో అచ్చువేసింది మన హైదరాబాదులోని ప్రచురణ సంస్థ దాయిరతుల్ మఆరిఫే అని కూడా సగర్వంగా చెప్పాడు. పాత అరబ్బీ రాతప్రతులను ఓపికగా సరిచూసి అచ్చువేసిన ఊళ్లోనే మా బైండరు కూడా ఉన్నాడని నేను మనసులో అనుకున్నాను.

సాహిత్యసభలో చదవబోయే ప్రసంగాన్ని ఇంట్లో వల్లె వేస్తుండగా పిన్నికి అనుమానం వచ్చింది. “ఏమండీ, దమస్కులో గడ్డం నెరిసిన పెద్దాయనకు పక్క పేజీలో ముర్సియా మంత్రసాని బొడ్డు కోయడమేమిటండీ?”

“అది పునర్జన్మ కాదు, కాలం వలయాకారమన్న సూచన,” అన్నాడు బాబాయి. పిన్ని మరి మాట్లాడలేదు; బైండింగు సంగతి ఆమెకు అప్పుడే స్ఫురించిందని ఆమె ముఖం చూస్తే నాకు అర్థమైంది.

నిజానికి నవల నేర్పంతా దీనికి వ్యతిరేక దిశలో ఉంది. సాధువు జీవితం పుట్టుక నుంచి వార్ధక్యం దాకా వరుసగానే నడుస్తుంది. ముందుకూ దూరానికీ దూకేది రాతప్రతి ఒక్కటే. రాసేవాడు ఇంకా బతికుండగానే, రాత అతణ్ణి దాటి ఎంతకాలం నిలవబోతుందో పాఠకుడికి ముందే తెలిసిపోతూ ఉంటుంది. అటూ ఇటూ రెండూ కలగాపులగమైతే ఆ బిగువు కాస్తా పోతుంది.

సభ గడిచాక (చప్పట్లు బాగానే మోగాయి) నేను మరో ప్రతి సంపాదించి బాబాయి చేతిలో పెట్టాను. ఆయన సగం దాకా ఓపిగ్గా చదివి, కళ్లద్దాలు తీసి పెదవి విరిచాడు.

“ఇది పిల్లల కోసం సరళం చేసినట్టున్నారురా. పుట్టినవాడు పుట్టినట్టే పెరిగిపోతున్నాడు!”