వాడు నవ్వాడంటే ఒప్పుకున్నట్టు కాదు

రాత్రి పన్నెండు కొట్టగానే హాస్టల్ గదుల్లో జరిగే పుట్టినరోజు తంతు విజయవాడ, గుంటూరు తల్లిదండ్రులకు కొత్తేం కాదు. కేకు, మొహానికి క్రీము, నెత్తిన స్నో స్ప్రే, చివర్లో ‘బంప్స్’. పుట్టినరోజు కుర్రాణ్ణి నలుగురు కాళ్లూ చేతులూ పట్టి లేపుతారు, మిగతావాళ్లు వరసపెట్టి తంతారు. దెబ్బ గట్టిగా తగిలాక అందరి నోటా ఒకటే మాట: ‘వాడూ నవ్వుతూనే ఉన్నాడు సార్’. ఈ మాటను సాక్ష్యంగా తీసుకోవడం మనం మానేయాలి. కాళ్లు నేలకు ఆనకుండా, చుట్టూ ఫోన్లు వీడియో తీస్తుంటే వాడు నవ్వక ఏం చేస్తాడు? ఏడిస్తే ఏడాదంతా పిరికోడే.

తన్ను పిర్ర మీదే పడుతుందని కుర్రాళ్ల లెక్క. గాల్లో ఊగే మనిషి మెలికలు తిరుగుతాడు, గురి తప్పుతుంది. కాస్త పైకి జరిగితే నడుముకు రెండు పక్కలా మూత్రపిండాలు, ఎడమ పక్కటెముకల కింద ప్లీహం. ప్లీహం రక్తంతో నిండిన మెత్తటి అవయవం. చిట్లితే బయటికి చుక్క కనిపించదు, లోపలే కారుతుంది. అందుకే వాడు లేచి, కేకు తిని పడుకుంటాడు. గంటలు గడిచాక కడుపునొప్పి, ఎడమ భుజంలో పోటు, చల్లటి చెమట, కళ్లు తిరగడం. మూత్రపిండానికి తగిలితే మూత్రం ఎర్రగా వస్తుంది. అప్పుడు గ్యాస్ మాత్ర ఇచ్చి ఊరుకోకూడదు. స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లి, ‘తన్నులు తగిలాయి’ అని డాక్టరుకు చెప్పాలి. మెట్ల మీద జారాడని చెబితే డాక్టరు వెతకాల్సిన చోటే మారిపోతుంది.

స్నో స్ప్రే సంగతి ఇంకా ఘోరం. బీసెంట్ రోడ్డులోనో, బ్రాడీపేటలోనో కొనే ఆ డబ్బాలో ఉండేది సబ్బునీళ్లే. కానీ దాన్ని బయటికి తోసేది చాలా డబ్బాల్లో బ్యూటేన్, ప్రొపేన్. మన వంటగ్యాసులో ఉండేవీ అవే. నురగలో ప్రతి బుడగలోనూ ఆ గ్యాసే. జుట్టు నిండా నురగతో వంగి కొవ్వొత్తి ఊదినా, రవ్వలు చిమ్మే క్యాండిల్ పక్కన స్ప్రే కొట్టినా రెప్పపాటులో మొహం అంటుకుంటుంది. పాలిస్టర్ చొక్కా కరిగి చర్మానికి అతుక్కుంటుంది. పరిగెత్తనివ్వకుండా పడుకోబెట్టి దొర్లించాలి, మందపాటి నూలు దుప్పటి కప్పాలి, కాలిన చోట 20 నిమిషాలు కుళాయి నీళ్లు ధారగా పోయాలి. ఐసు, టూత్‌పేస్టు, ఇంకు వద్దు. అతుక్కున్న బట్ట పీకొద్దు.

‘మేమూ చేశాం, మాకేం కాలేదు, పిల్లలన్నాక సరదా ఉండదా’ అనే పెద్దలున్నారు. సరదా ఉండాల్సిందే. వద్దన్న మాట వినిపించగానే ఆగేదే సరదా. పదిమంది మీదపడి అరుస్తుంటే ఆ మాట అనే వీలు వాడికేదీ?

తప్పంతా పిల్లల పెంపకానిదంటే నేను ఒప్పుకోను. 2005లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ 306 మందిని ఒంటరిగా కొందరిని, తోటివాళ్ల మధ్య కొందరిని పరీక్షించారు. తోటివాళ్లుంటే 13-16 ఏళ్లవాళ్ల తెగింపు బాగా పెరిగింది. 24 దాటినవాళ్లలో తేడా దాదాపు లేదు. ఇంట్లో బుద్ధిమంతుడే గుంపులో కాలెత్తుతాడు. మరి ఆ గుంపును ఒకే గదిలో కుక్కిందెవరు?

తెల్లవారకముందే లేపి, రాత్రి పదిదాకా స్టడీ అవర్లలో కూర్చోబెట్టే రెసిడెన్షియల్ కాలేజీలవి. అపార్ట్‌మెంటు లాంటి భవనం, గ్రిల్ వేసిన వరండా, బంతి ఎగరేసే జాగా ఉండదు. పదహారేళ్ల ఒంట్లో ఊరే బలమంతా ఎటు పోవాలి? నెలకోసారో రెండుసార్లో వచ్చే పుట్టినరోజే వాళ్ల ఆట, అందులో పుట్టినరోజు కుర్రాడే బంతి. వార్డెన్ వింటాడు, ‘అరగంటలో ముగించండి’ అని వెళ్లిపోతాడు. రాష్ట్రంలో 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం విద్యార్థికి గాయం, భయం, అవమానం కలిగించే పనినే ర్యాగింగ్ అంటుంది. చేసినవాడు సీనియరే అయ్యుండాలని అనదు. ఫిర్యాదు అందాక చర్య తీసుకోని సంస్థాధిపతినీ నేరానికి తోడ్పడినట్టే లెక్కేస్తుంది.

జూన్‌లో అడ్మిషన్‌కు వెళ్తే ఏసీ గది, ర్యాంకుల ఫ్లెక్సీ చూపిస్తారు. గ్రౌండ్ చూపించమని అడగండి. చూపిస్తే, ఏదో ఒక రోజు సాయంత్రం అయిదింటికి చెప్పకుండా వెళ్లి, అక్కడ ఎంతమంది ఆడుతున్నారో లెక్కపెట్టి ఆ తర్వాతే ఫీజు కట్టండి.