12 ఏళ్లలోపు పిల్లలకు ఆఫ్రికా సఫారీ తగదనే ప్రచారానికి జవాబు

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలు, కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చక్కర్లు కొట్టడం మొదలవుతుంది. పన్నెండేళ్లు నిండని పిల్లలను ఆఫ్రికా సఫారీకి తీసుకెళ్లవద్దన్నది దాని సారాంశం. అక్కడి లాడ్జిలు, అంటే అడవిలోని విడిది గృహాలు, చిన్నపిల్లలను రానివ్వవని, ఖండమంతటా మలేరియా ఉందని, రోజంతా జీపులో కూర్చోవడం తప్ప పిల్లలకు చేయడానికి ఏమీ ఉండదని, పైకప్పు లేని బండి మీదికి మృగాలు దూకుతాయని, మన సెలవులకూ అక్కడి రుతువులకూ పొంతన కుదరదని, ఖర్చు కోటీశ్వరులు మాత్రమే భరించగలరని అది కారణాలు చెబుతుంది. చివర ఒక సలహా కూడా ఇస్తుంది: పిల్లలకు సింహాన్ని చూపించాలని అంత కోరికగా ఉంటే, సింహం కూనలను ఎత్తుకుని ఫోటో దిగనిచ్చే పార్కులకు తీసుకెళ్లండి, అది సురక్షితం, చవక కూడా. ఈ కారణాల్లో కొన్నింటిలో కొంత నిజం లేకపోలేదు. ఆ చివరి సలహా మాత్రం పూర్తిగా తప్పు, హానికరం కూడా.

మొదటిది వయసు నిబంధన. పన్నెండేళ్ల అంకె ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడం కష్టమేమీ కాదు. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ ఉద్యానంలో తుపాకీ ఉన్న గైడ్ వెంట అడవిలో కాలినడకన వెళ్లే కార్యక్రమానికి కనీస వయసు 12 ఏళ్లు. నడకకు పెట్టిన ఆ నియమాన్నే ఎవరో మొత్తం సఫారీకి అంటగట్టారు. అదే క్రూగర్‌లో పార్కు వాళ్లు నడిపే బండ్లలో ఆరేళ్లు దాటిన పిల్లలు ఎక్కవచ్చు. సొంత కారులోనో అద్దె కారులోనో తిరిగే కుటుంబానికి వయసు పరిమితి అసలే లేదు, చంకలో పాపను పెట్టుకుని కూడా వెళ్లవచ్చు. ప్రైవేటు లాడ్జిలలో చాలా చోట్ల అందరూ కలిసి ఎక్కే జీపుకు ఆరేళ్ల నియమం ఉంటుంది. కుటుంబానికి విడిగా జీపు మాట్లాడుకుంటే అంతకన్నా చిన్నవాళ్లను కూడా అనుమతించే లాడ్జిలు ఉన్నాయి. పెద్దవాళ్లకు మాత్రమే అని ప్రకటించుకున్న లాడ్జిలూ ఉన్నాయి, కాబట్టి గది బుక్ చేసే ముందే అడిగి తెలుసుకోవాలి. రువాండా, ఉగాండాలలో గొరిల్లాలను చూడడానికి వెళ్లాలంటే 15 ఏళ్లు నిండి ఉండాలి. ఆ నియమంలో ఎవరికీ సడలింపు ఉండదు, ఉండకూడదు కూడా, ఎందుకంటే పిల్లల నుంచి సోకే మామూలు జలుబు సైతం గొరిల్లాల ప్రాణం మీదికి తెస్తుంది.

మలేరియా సంగతి ఇంత తేలిగ్గా తేల్చేది కాదు. ఇక్కడ ఆ సందేశం చెబుతున్న భయం న్యాయమైనదే, చెబుతున్న భూగోళం మాత్రం తప్పు. ఆఫ్రికాలో ఎక్కువగా కనిపించే ఫాల్సిపేరం రకం మలేరియా ఐదేళ్లలోపు పిల్లల్లో చూస్తుండగానే ముదిరిపోతుంది. శిశువులను, చిన్నపిల్లలను అలాంటి ప్రాంతాలకు తీసుకెళ్లవద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తల్లిదండ్రులకు చెబుతోంది. అందువల్ల రెండేళ్ల బాబును వెంటబెట్టుకుని జాంబియాలోని లువాంగ్వా లోయకు వెళ్లాలనుకునే దంపతులకు నేనూ వద్దనే చెబుతాను. అయితే దక్షిణాఫ్రికాలో మలేరియా అసలు లేని అభయారణ్యాలు ఒకటి కాదు, అనేకం ఉన్నాయి. బోట్స్వానా సరిహద్దును ఆనుకుని సుమారు 75 వేల హెక్టార్లలో ఉన్న మడిక్వే, సన్ సిటీ రిసార్టు పక్కనే చల్లారిపోయిన ప్రాచీన అగ్నిపర్వతపు వలయంలో ఉన్న పిలానెస్‌బర్గ్, వాటర్‌బర్గ్ కొండలు, ఈస్టర్న్ కేప్‌లోని ఆడో ఏనుగుల ఉద్యానం, ఇవన్నీ అటువంటివే. మడిక్వేది ఇంకో విశేషం. పశువులు మేసి మేసి బీడుపడిన నేలలో 1991లో అభయారణ్యం నెలకొల్పి, ఆపరేషన్ ఫీనిక్స్ పేరుతో 8 వేలకు పైగా జంతువులను ఇతర ప్రాంతాల నుంచి తెచ్చి వదిలారు. సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవి దున్న, అన్నీ అక్కడ ఉన్నాయి. మలేరియా మాత్రం లేదు.

మలేరియా ఉన్న చోటికే వెళ్లదలచుకున్న కుటుంబాలు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. ఈ దోమ పొద్దుగూకింది మొదలు తెల్లవారేదాకా కుడుతుంది, కాబట్టి సాయంత్రం నుంచి నిండు చేతుల చొక్కా, ప్యాంటు, ఒంటికి దోమల మందు, రాత్రి మందు పట్టించిన దోమతెర తప్పనిసరి. మలేరియా రాకుండా వేసుకునే మాత్రల మోతాదును పిల్లల బరువును బట్టి వైద్యులే నిర్ణయించాలి. పెద్దలకు రాసే డాక్సీసైక్లిన్‌ను ఎనిమిదేళ్లలోపు పిల్లలకు వాడరు. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ మాత్రలను తిరిగి వచ్చాక కూడా ఏడు రోజుల పాటు వేయాలి, ఇంటికి చేరాం కదా అని మధ్యలో మానేయడం చాలా ప్రమాదం. తిరిగి వచ్చిన తర్వాత మూడు నెలల లోపు జ్వరం వస్తే, ఆఫ్రికా వెళ్లి వచ్చామని చెప్పి ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది మన సికింద్రాబాద్‌లోనే. ఆ ఊరి నుంచి బయలుదేరే పిల్లలకు ఈ వ్యాధి ఎలా వస్తుందో చెప్పి తీసుకెళితే, దోమతెర లోపల పడుకోమని పోరు పెట్టవలసిన అవసరం సగం తగ్గుతుంది.

దోమల ద్వారా సోకే ఎల్లో ఫీవర్ అనే జ్వరం గురించి ఆ సందేశంలో ఒక్క ముక్క లేదు, నిజానికి అడిగి తెలుసుకోవలసినది అదే. కెన్యా, ఉగాండా వంటి దేశాల నుంచి తిరిగి వచ్చేవారి దగ్గర టీకా ధ్రువపత్రం లేకపోతే మన విమానాశ్రయంలోనే క్వారంటైన్‌కు పంపగలరు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ పత్రం చెల్లుబాటు అవుతుంది, కాబట్టి చివరి వారానికి వాయిదా వేయకూడదు. తొమ్మిది నెలలు నిండని పసివాళ్లకు సాధారణంగా ఈ టీకా వేయరు. హైదరాబాద్ వాళ్లకు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఇది దొరుకుతుంది. దక్షిణాఫ్రికా ఎల్లో ఫీవర్ ముప్పు ఉన్న దేశాల్లో లేదు. పసిపిల్లలున్నవారు అటువైపే మొగ్గడానికి ఇది మరో కారణం.

ఇక పిల్లలకు చేయడానికి ఏమీ ఉండదన్న మాట. ఆ సందేశంలోని మాటలన్నింటిలో నాకు ఎక్కువ బాధ కలిగించినది ఇదే, ఎందుకంటే దీన్ని రాసినవారు సఫారీ అంటే సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవి దున్న అనే ఐదు పెద్ద జంతువులను ఫోటో తీసి టిక్కు పెట్టుకోవడమే అనుకున్నారు. పెద్దలు ఆ ఐదింటి వెంట పరుగులు పెడుతున్నప్పుడు, మంచి గైడ్ పిల్లలను జీపు దింపి వేరే ఐదింటిని వెతికిస్తాడు: ఇసుకలో గరాటులాంటి గుంట తవ్వి అడుగున చీమ కోసం కాచుకునే పురుగు, చిరుత తాబేలు, ఖడ్గమృగంలా కొమ్ము ఉండే పెంకుపురుగు, ఏనుగు తొండంలా ముక్కు సాగిన చిట్టెలుకలాంటి జీవి, దున్న పేరున్న గిజిగాడు జాతి పక్షి. వీటిని అక్కడ చిన్న ఐదు అంటారు. ఒక గడ్డిపరకతో ఇసుక గుంట అంచును కదిలిస్తే, చీమ పడిందనుకుని లోపలి పురుగు ఇసుక ఎగజిమ్ముతుంది. ఆరేళ్ల పిల్ల దాని ముందు బోర్లా పడుకుని, తల్లి పిలిచినా లేవకుండా చూస్తుంది.

కుటుంబాలకు ప్రాధాన్యం ఇచ్చే లాడ్జిలలో పిల్లల కోసం విడిగా కార్యక్రమాలు ఉంటాయి, వాటికి ప్రత్యేకంగా ఒక గైడ్‌ను పెడతారు. అడుగుజాడల అచ్చు తీయడం అన్ని చోట్లా ఇష్టంగా చేసే పని. తడి ఇసుకలో రాత్రి నడిచిన జంతువు పాదముద్ర దొరికితే, దాని చుట్టూ అట్టముక్కతో గట్టు కట్టి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను దోసెపిండి జారుగా కలిపి పోస్తారు. అది గట్టిపడే లోపు గైడ్ అడుగుతాడు: గోళ్ల గుర్తులు పడ్డాయా, లేదా? పడితే దుమ్ములగొండి, పడకపోతే చిరుత కావచ్చు, ఎందుకంటే పిల్లి జాతి జంతువులు నడిచేటప్పుడు గోళ్లను లోపలికి ముడుచుకుంటాయి. తర్వాత పెంటికలు, లద్దెలు. ఏనుగు తిన్నదాంట్లో సగానికి పైగా అరగకుండానే బయటికి వస్తుంది కనుక, ఎండిన లద్దెను కర్రతో విప్పితే ఏ చెట్టు బెరడు, ఏ కాయ గింజ అన్నది పిల్లలే చెప్పగలుగుతారు. ఆడోలో రెక్కలతో ఎగరలేని ఒక అరుదైన పేడపురుగు ఉంది. దారిలో దానికి తోవ ఇవ్వాలని, లద్దెల మీదుగా కారు పోనివ్వకూడదని అక్కడ రోడ్డు పక్కన బోర్డులు పెట్టారు. రాత్రిపూట తిరిగే మరో జాతి పేడపురుగు పాలపుంత వెలుగును ఆధారం చేసుకుని తన ఉండను తిన్నగా దొర్లించుకుపోతుందని, పురుగుల తలకు చిన్న అట్ట టోపీలు పెట్టి, జొహానెస్‌బర్గ్ ప్లానెటేరియంలో కూడా పరీక్షించిన శాస్త్రవేత్తలు 2013లో వెల్లడించారు. రాత్రి భోజనం తర్వాత ఆ కథ చెప్పి పాలపుంతను చూపించే గైడ్ ఉంటే, పిల్లలకు టీవీ గుర్తుకు రాదు.

కెన్యాలో మసాయి మారా అభయారణ్యం చుట్టూ ఉన్న కన్సర్వెన్సీలు, అంటే వన్యప్రాణుల కోసం కేటాయించిన ప్రాంతాలు, మసాయి తెగ కుటుంబాల నుంచి కౌలుకు తీసుకున్న భూములు. ప్రధాన అభయారణ్యంలో అనుమతి లేని నడకలు, రాత్రి సఫారీలు అక్కడ సాధ్యపడతాయి. క్యాంపుల్లో పనిచేసే మసాయి గైడ్లు కర్రను కర్రపై చిలికి నిప్పు పుట్టించడం, ఏ చెట్టు పుల్ల పళ్లు తోముకోవడానికి పనికొస్తుందో గుర్తుపట్టడం నేర్పుతారు. పూసల గొలుసులు అల్లే ఆడవాళ్ల పక్కన పిల్లలను కూర్చోబెట్టేటప్పుడు ఒక మాట చెప్పి కూర్చోబెట్టాలి: వాళ్లు మనకు ఆతిథ్యం ఇస్తున్నవారు, అడగకుండా ఫోటో తీయకూడదు.

క్రూగర్ మాటకు వస్తే, లెటాబా క్యాంపులో ఏనుగుల మ్యూజియం ఉంది, ప్రిటోరియస్‌కాప్‌లో రాతి మధ్య ఈతకొలను ఉంది. ఉదయం మూడు గంటలు బండిలో, మధ్యాహ్నం నీళ్లలో, సాయంత్రం మళ్లీ గంటన్నర, ఇలా ఏర్పాటు చేసుకుంటే చిన్నపిల్లలకు విసుగు పుట్టదు. రోజంతా జీపులో కూర్చోబెడితే పెద్దలకూ విసుగే.

జంతువులు దూకుతాయన్న భయానికి వద్దాం. కారులో తిరిగే క్రూగర్‌లో అద్దాలు ఎత్తుకుని ఉండవచ్చు. కెన్యా సఫారీ బండ్లలో ఎక్కువ వాటికి పక్కలు మూసి ఉండి పైకప్పు మాత్రమే లేస్తుంది. పైకప్పు లేని జీపు విషయానికొస్తే, అభయారణ్యాల్లోని సింహాలు జీపును, అందులోని మనుషులను కలిపి ఒకే ఆకారంగా చూడడానికి అలవాటుపడి ఉంటాయి. ఎవరైనా లేచి నిలబడినా, కేకపెట్టినా, చేయి బయటికి చాపినా ఆ ఆకారం చెదురుతుంది. ఆరేళ్ల నియమం వెనుక ఉన్న కారణం కూడా ఇదే. కాబట్టి ఊరుకోమంటే పది నిమిషాలు ఊరుకోగల వయసు మీ బిడ్డకు వచ్చిందో లేదో తేల్చవలసినది మీరే. నిజమైన జాగ్రత్త అవసరమైనది జీపులో కన్నా క్యాంపులో. కంచె లేని క్యాంపుల్లో ఏనుగులు, హిప్పోలు గుడారాల మధ్యకు వస్తాయి; చీకటి పడ్డాక కాపలా మనిషి తోడు లేకుండా గడప దాటకూడదు, పిల్లలను వేరే గుడారంలో పడుకోబెట్టకూడదు. చిన్నపిల్లలున్నవారు కంచె ఉన్న క్యాంపునే ఎంచుకోవడం మేలు.

సెలవుల లెక్కలో ఆ సందేశం సగమే నిజం. ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండో వారం దాకా సాగే మన వేసవి సెలవుల్లో, మే నెల దాకా కెన్యా, టాంజానియాలలో పెద్ద వానలు పడతాయి. అదే మే నెలలో దక్షిణాఫ్రికా ఉత్తర భాగాన పొడి కాలం మొదలవుతుంది. గడ్డి పలచబడి, జంతువులు నీటి గుంటల దగ్గరికి చేరతాయి, దోమలూ తగ్గుతాయి. అక్కడ అది చలికాలం, తెల్లవారుజామున జీపు ఎక్కే పిల్లలకు మంకీ క్యాప్, ఉన్ని చొక్కా ఉండి తీరాలి. దసరా సెలవులు సెప్టెంబరు, అక్టోబరులలో వస్తాయి కనుక మారాకు వలస వచ్చే విల్డెబీస్ట్ అనే పెద్ద జింక జాతి జంతువుల మందలను చూడడానికి సరిపోతాయి. అమెరికాలో చదివే తెలుగు పిల్లలకు జూలై, ఆగస్టు సెలవులు ఆ మందల రాకతోనే కలిసి వస్తాయి.

ఖర్చు ఎక్కువే, కాదనను. మారాలో విదేశీ పెద్దలకు రోజుకు ప్రవేశ రుసుమే 2024 నుంచి జనవరి-జూన్ మధ్య 100 డాలర్లు, జూలై తర్వాత 200 డాలర్లు. అయితే క్రూగర్ క్యాంపుల్లో వంటగది ఉన్న కుటీరాలు దొరుకుతాయి, అన్నం వండుకోవచ్చు, మనలాగే అక్కడా బండి ఎడమవైపే నడపాలి. ప్రైవేటు లాడ్జి ధరతో పోలిస్తే ఇది చాలా తక్కువ.

మిగిలింది సింహం కూనల ఫోటో సలహా. ఎత్తుకోవడానికి వీలుగా ఉండాలంటే ఆ కూనలను పుట్టిన కొద్ది రోజులకే తల్లి నుంచి వేరు చేస్తారు. రోజంతా చేతులు మారి అలసిపోయే ఆ కూనలు కొన్ని నెలల్లో ఎత్తుకోలేనంత పెరుగుతాయి. మనుషుల చేతుల్లో పెరిగిన సింహాన్ని అడవిలో వదలలేరు. దక్షిణాఫ్రికాలో అలా పెంచిన సింహాలు కంచె వేసిన ఆవరణలో డబ్బు కట్టినవారి వేటకు, ఎముకల వ్యాపారానికి చేరుతున్నాయన్న విమర్శల నేపథ్యంలోనే, బంధించి పెంచే సింహాల పరిశ్రమకు స్వస్తి చెప్పాలన్న నిర్ణయాన్ని ఆ దేశ ప్రభుత్వం 2021 మేలో ప్రకటించింది. పంజా విసిరితే చర్మం చీరుకుపోయే జంతువును పిల్లల ఒడిలో పెట్టి సురక్షితమనడం ఏ విధంగానూ సమర్థించలేనిది.

పిల్లలు జంతువును దగ్గరగా చూడాలన్న కోరిక న్యాయమైనదే, దానికి మంచి చోటు నైరోబీలో ఉంది. తల్లులను కోల్పోయిన ఏనుగు గున్నలను సాకే, 1977లో ఏర్పడిన షెల్డ్రిక్ ట్రస్టు, ఉదయం 11 నుంచి 12 గంటల దాకా సందర్శకులను అనుమతిస్తుంది. తాడు ఇవతల నిలబడిన పిల్లల ముందు, సంరక్షకులు పెద్ద సీసాలతో గున్నలకు పాలు పడతారు, ఏ గున్న ఎక్కడ ఎలా దొరికిందో చెబుతారు. పెరిగిన గున్నలను సావో ప్రాంతానికి తరలించి, ఏళ్ల తరబడి అడవికి అలవాటు చేసి, అక్కడి ఏనుగుల మందల్లో కలవనిస్తారు. ఆ గంటకు ముందుగానే బుక్ చేసుకోవాలి.