రెగే ప్రేమ పాటలను తేలిగ్గా తీసేయొద్దు

జమైకాలో పుట్టిన రెగే సంగీతం అనగానే చాలామందికి గాయకుడు బాబ్ మార్లే, ఆ జడలు, తిరుగుబాటు గుర్తొస్తాయి. ప్రేమ పాటల ఊసెత్తితే మాత్రం, అవేవో పోరాటం మధ్యలో కాసేపు సేద తీరడానికి పాడుకున్నవన్నట్టు మాట్లాడతారు. ఈ మాట నేను ఒప్పుకోను.

1978లో మార్లే 'కాయా' ఆల్బమ్ వచ్చినప్పుడు మనిషి మెత్తబడ్డాడని విమర్శకులు పెదవి విరిచారు. అంతకుముందు ఏడాది వచ్చిన 'ఎక్సోడస్' ఆవేశం ఇందులో లేదన్నారు. కానీ ఆ రెండింటి పాటలూ 1977లో లండన్‌లో ఒకే విడతలో రికార్డయినవే. దానికి కొద్ది వారాల ముందు, 1976 డిసెంబర్‌లో, జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లోని సొంతింట్లోనే ఆయన మీద కాల్పులు జరిగాయి. భార్య రీటాకూ తూటా తగిలింది. చావు తప్పించుకున్న మనిషి ప్రేమ గురించి పాడితే అది మెత్తబడడం ఎలా అవుతుంది?

అసలు 'ఈజ్ దిస్ లవ్'లో ఏముందో వినండి. పగలూ రాత్రీ ప్రేమిస్తానంటాడు. నెత్తిన ఒక కప్పు, ఇద్దరికీ ఒకే గది, ఒంటి మంచం. తిండి సంగతి 'జా' చూసుకుంటాడు. జా అంటే మార్లే నమ్మిన రాస్తఫారీ మతంలో దేవుడు. ప్రియురాలికిచ్చే మాటా, దేవుడి మీద భరోసా ఒకే చరణంలో కలిసిపోయాయి. బీదవాడు కలకాలం తోడుంటానని చెప్పాలంటే ఇంతకన్నా ఏం చెప్పగలడు? 'నో ఉమన్, నో క్రై'లోనూ అంతే. కింగ్‌స్టన్‌లోని ట్రెంచ్‌టౌన్ అనే పేదల వాడలో కట్టెల మంట, మొక్కజొన్న జావ, దాన్ని నీతో పంచుకుంటానన్న మాట. ఆ పాట రచయితగా పేరున్నది విన్సెంట్ ఫోర్డ్‌కి. అదే వాడలో ఆకలిగొన్నవాళ్లకు అన్నం పెట్టిన స్నేహితుడాయన.

అయితే ఒకటి దాచకూడదు. మార్లేకి వేరే స్త్రీలతోనూ పిల్లలున్నారు. ఆ ప్రేమ పాటలకు వెనక గొంతు కలిపిన ఐ-త్రీస్ బృందంలో రీటా ఒకరు. ఎడబాయని ప్రేమ గురించి మగవాళ్లు పాడిందే వింటే సగమే తెలుస్తుంది.

మిగతా సగం లండన్‌లో వినిపించింది. 1970ల మధ్యలో అక్కడి కరీబియన్ కుటుంబాల్లో పుట్టిన 'లవర్స్ రాక్' అనే ప్రేమ పాటల రెగేకి ప్రాణం పోసింది ఎక్కువగా అమ్మాయిలే. 1979లో జానెట్ కే పాడిన 'సిల్లీ గేమ్స్' బ్రిటన్ చార్టుల్లో రెండో స్థానానికి ఎక్కింది. ఎన్నాళ్లుగానో మనసులో పెట్టుకున్న అమ్మాయి, ఇక ఈ దోబూచులాట చాలంటుంది. వీధిలో నల్లజాతి కుర్రాళ్లను పోలీసులు ఊరికే ఆపి సోదా చేస్తున్న రోజులవి. ఇళ్లలో పెట్టుకున్న పార్టీల్లో ఆ పిల్లలు ఈ పాటలకే దగ్గరగా చేరి డాన్స్ చేశారు. వీటిలో రాజకీయం లేదని కొట్టిపారేయడం నా దృష్టిలో అన్యాయం.