టోయింగ్ కెపాసిటీ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ టోయింగ్ కెపాసిటీ గారికి,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరూ క్షేమం. ట్రైలరు తగిలించుకున్నవాళ్లు మాత్రం తోక దించి, మూతి పైకెత్తి తిరుగుతున్నారు. ఆ సంగతి మనవి చేసుకుందామనే ఈ ఉత్తరం.

అమెరికాలో పికప్ ట్రక్కు ప్రకటన ఏది చూసినా, ఆ బండి వెనక ట్రైలరుని ఎంత బరువుదాకా లాగగలదో చెప్పే అంకెగా మీ దర్శనమే. ఫోర్డ్ ఎఫ్-150 పక్కన 13,500 పౌండ్లు, రేంజర్ పక్కన 7,500, బుజ్జి మావెరిక్ పక్కన 4,000. అదీ ఇంజనూ, టో ప్యాకేజీ అన్నీ కుదిరితేనే అని కింద చీమతలంత అక్షరాలు. మీరు అబద్ధమాడతారని ఎవరూ అనలేరు. వాహన ఇంజనీర్ల సంఘం వారి ఎస్ఏఈ జే2807 ప్రమాణం పెట్టిన పరీక్షలో, అరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఎత్తు మీద ఏసీ వేసుకుని మరీ లాగాలి. కాకపోతే ఆ లెక్కలో ట్రక్కులో కూర్చునేది ఇద్దరే, తలా 150 పౌండ్లు. వెనక సీట్లో పిల్లలు లేరు, వెనక తొట్టిలో, అంటే బెడ్‌లో, జనరేటరు లేదు, సోనామసూరి బస్తా అసలే లేదు.

మాదాపూర్ నుంచి డాలస్ దాకా మనవాళ్లకి సీటీసీ వేరు, చేతికొచ్చే జీతం వేరు అని ఒకరు చెప్పక్కర్లేదు. పెళ్లిచూపుల్లో కూడా ఆరా తీసేది రెండోదే. ట్రక్కు దగ్గరికొచ్చేసరికి మాత్రం మీ సీటీసీ చూసి సంతకం పెట్టేస్తారు. పే స్లిప్పు డ్రైవరు డోరు తెరిస్తే పక్క స్తంభం మీదే ఉంటుంది: పసుపూ తెలుపూ స్టిక్కరు, మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించరాదని. దాని పేరు పేలోడ్. అది మోడల్‌కి కాదు, ఆ ఒక్క బండికి. గాజు పైకప్పు, లెదరు సీట్లు, కరెంటుతో దిగే మెట్లు ఎక్కినకొద్దీ ఆ అంకె దిగుతుంది. ముచ్చటపడి టాప్ మోడల్ తీసుకున్నవాడికే చేతికొచ్చేది తక్కువ.

ఒక లెక్క చూద్దురూ. మీరు 11,000 అని వెలిగిపోతున్న ఒక హాఫ్-టన్ను ట్రక్కు (ఎఫ్-150 తరగతిది), స్టిక్కరు మీద 1,480. వెనక 26 అడుగుల ట్రైలరు, సామాన్లతో 6,600 పౌండ్లు. ట్రైలరు ముక్కు ట్రక్కు వెనక కొక్కెం (హిచ్) మీద మోపే భారం, అదే టంగ్ వెయిట్, మొత్తంలో 10 నుంచి 15 శాతం ఉండాలి. 13 శాతం వేసుకుంటే 858. ఆ భారాన్ని బార్లతో మిగతా ఇరుసులకీ పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఇనుము 90. ఇంటిల్లిపాదీ నలుగురు 580. కూడితే 1,528! బెడ్‌లో ఒక్క కట్టెపుల్ల పెట్టకముందే 48 పౌండ్లు అప్పు. హిచ్ బార్లు బిగిస్తే కొంత బరువు ట్రైలరు ఇరుసు మీదికి పోతుంది, నిజమే, కానీ దాన్ని నమ్ముకుని కూలర్ ఎక్కించేవాళ్లే ఎక్కువ. మీ 11,000లో ఇంకా 4,400 మిగిలే ఉన్నాయి, దేనికీ పనికిరాకుండా.

టంగ్ వెయిట్ తగ్గించేస్తే పోలా అని సామానంతా ట్రైలరు వెనక్కి సర్దే మేధావులున్నారు. 10 శాతం కిందికి దిగిందా, పక్కనుంచి పెద్ద లారీ దూసుకుపోగానే ట్రైలరు చేపతోకలా ఊగుతుంది. అప్పుడు ట్రక్కు బ్రేకు తొక్కకూడదు. స్టీరింగు తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, బ్రేక్ కంట్రోలర్ మీటతో ట్రైలరు బ్రేకులు మాత్రమే వేయాలి.

మీ తమ్ముడు, చిన్న ట్రక్కు మీది 7,500, ఇంకా గడుసువాడు. స్టిక్కరు 1,250 అనుకోండి. అదే కుటుంబం, అదే హిచ్ తీసేస్తే మిగిలేది 580. దాన్ని 13 శాతంతో వెనక్కి లెక్కిస్తే సుమారు 4,460 పౌండ్ల ట్రైలరు. అంటే బ్రోషర్లో 3,500 ఉన్నదాని దగ్గరే ఆగాలి. ఎందుకంటే ఆ డ్రై వెయిట్‌లో, అంటే ఖాళీ ట్రైలరు బరువులో, నీళ్లు లేవు (40 గ్యాలన్లకి 330 పౌండ్లు), చాలాసార్లు బ్యాటరీ లేదు, వంటగిన్నెలు అసలే లేవు. పైగా చిన్న ట్రక్కుకి ముందు, వెనక చక్రాల మధ్య దూరం తక్కువ కాబట్టి ఊగిసలాట త్వరగా తగులుకుంటుంది. ఇద్దరే మనుషులు, చిన్న ట్రైలరు అయితే మాత్రం చిన్న ట్రక్కే మేలు: పార్కింగూ సుఖం, పెట్రోలూ ఆదా.

ట్రైలరు సామాన్లతో 7,000 దాటితే హాఫ్-టన్ను కన్నా పెద్దదైన ముప్పావు టన్ను ట్రక్కుకి వెళ్లండి, అదీ పెట్రోల్ ఇంజను. డీజిల్ ఇంజను బరువే పేలోడ్‌ని మింగుతుంది. 10,000 పౌండ్ల జీవీడబ్ల్యూఆర్‌లో (బండీ, దాని మీది బరువూ కలిపి మించకూడని హద్దు) సోకులన్నీ ఉన్న డీజిల్ బండికి 2,000 దాటడం కూడా గగనమే. కొనేముందు గ్యారేజీ లోతు కొలవండి. 20 అడుగుల గ్యారేజీలో ఈ ఏనుగు పట్టదు, ఖాళీగా నడిపితే నడుం పట్టేస్తుంది.

మీ గుట్టు తేలేది ట్రక్ స్టాపులో బళ్లని ఇరుసుల వారీగా తూచే క్యాట్ స్కేల్ మీద. మూడుసార్లు తూచాలి: బార్లు బిగించి ఒకసారి, బార్లు వదులు చేసి ఒకసారి, ట్రైలరు విప్పేసి ట్రక్కు ఒక్కటీ ఒకసారి. రెండో తూకంలో ట్రక్కు ఇరుసుల మొత్తంలోంచి మూడోది తీసేస్తే అసలు టంగ్ వెయిట్. ట్రైలరు తగిలించగానే ట్రక్కు ముందు ఇరుసు కోల్పోయిన బరువులో కనీసం సగం మొదటి తూకంలో తిరిగొచ్చి ఉండాలి. రాలేదంటే బార్ల గొలుసు ఇంకో లింకు బిగించాలి, లేదా హిచ్ హెడ్ వంపు మార్చాలి. మనుషులూ సామానూ అన్నీ ఎక్కించుకునే వెళ్లాలి సుమా. పిల్లల్ని కాఫీ షాపులో కూర్చోబెట్టి తూయించుకుని పాసయ్యామని మురిసిపోవడం మీకు నచ్చుతుందేమో, టైర్లకి నచ్చదు.

ఇట్లు,
తమ విధేయుడు,
డోరు తెరిచి చూసినవాడు

తా.క.: వెనక బంపరు కింద వంగి, హిచ్ రిసీవర్ మీద బురద తుడిస్తే ఇంకో లేబులు కనపడుతుంది. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ లేకపోతే చాలా హాఫ్-టన్ను ట్రక్కులకి అక్కడ 5,000 పౌండ్లు, టంగ్ మీద 500 అని రాసి ఉంటుంది. తమరు మాత్రం ప్రకటనలో 11,000 అంటూ నవ్వుతుంటారు.